అప్‌డేట్: తమ్ముడు అంబత్తూరులో అప్రెంటిస్‌గా చేరాడు

మొన్న అడిగాను కదా, మెకానికల్ డిప్లొమా అయిన తమ్ముడిని బీటెక్ లేటరల్ ఎంట్రీలో (అంటే నేరుగా రెండో ఏడాదిలో) చేర్చాలా, చెన్నైలో అప్రెంటిస్‌గా పంపాలా అని. మీలో ఎక్కువమంది ముందు పని నేర్చుకోనివ్వమన్నారు. పంపాం. అంబత్తూరులో కార్ల విడిభాగాలు చేసే చిన్న కంపెనీ. ఏడాది ఒప్పందం, నెలకు 9,000. 2019 అప్రెంటిస్ నిబంధనల్లో డిప్లొమావాళ్లకు పెట్టిన కనీసం 8,000 కంటే కాస్త నయమే. గది అద్దెకీ, మెస్‌కీ సరిపోతుంది. పచ్చళ్లు అమ్మ పంపుతోంది.

మొదటి వారమే పరువు పోయిందట. మైక్రోమీటర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) షాఫ్ట్, అంటే ఇరుసు కడ్డీ, మందం కొలవమంటే వీడు థింబుల్‌ని, అంటే దాని తిప్పే పిడిని, గట్టిగా బిగించేశాడు. కొలత 0.02 మి.మీ. తక్కువ వచ్చింది. సూపర్‌వైజర్ వచ్చి, చివరనున్న రాట్చెట్ (బిగింపు సరిపోగానే టిక్‌మంటూ జారిపోయే చిన్న పిడి) తిప్పి చూపించి, "టిక్ టిక్ అనగానే ఆపు తంబీ" అన్నాడట. మూడేళ్లూ కాలేజీలో ఆ మైక్రోమీటర్ అద్దాల బీరువాలోనే ఉండేది! ల్యాబ్ రికార్డులో మాత్రం రీడింగులన్నీ ఉన్నాయి, సీనియర్ల రికార్డు చూసి ఎక్కించినవి.

అలాగని చదువు దండగ అనను. విడిభాగాల ఇంజినీరింగ్ డ్రాయింగ్ చదవడం కాలేజీలోనే వచ్చింది, ఇప్పుడు వాడిని కాపాడుతున్నది అదే. లేటరల్ ఎంట్రీ సంగతి ఒప్పందం అయ్యాక చూస్తాం. తమిళం మాత్రం ఇంకా "కొంజం కొంజం" దగ్గరే ఉంది.