నాన్న మిర్చి డబ్బు నా అకౌంట్‌లో వేశా, ఐటీ నోటీసు వచ్చింది

అడిగినవారు: గుంటూరు యార్డులో నాన్న అమ్మిన మిర్చి డబ్బు 2022-23లో విడతలుగా 14 లక్షల దాకా నా సేవింగ్స్ అకౌంట్‌లో నగదుగా వేశాను. ఇప్పుడు ఆదాయపన్ను చట్టం సెక్షన్ 69ఏ (లెక్క చూపని డబ్బు) అంటూ నోటీసు. నాకు జీతం తప్ప వేరే ఆదాయం లేదండీ, ఒకటే టెన్షన్.

మొదటి జవాబు: సేవింగ్స్‌లో ఏడాదికి 10 లక్షలు, ఆపైన నగదు పడితే బ్యాంకే ఐటీ శాఖకు చెప్పేస్తుంది, దాచేదేం లేదు. "వ్యవసాయం డబ్బు" అని ఒక ముక్క రాసి పంపితే మాత్రం నమ్మరు. కమీషన్ వ్యాపారి ఇచ్చిన తక్‌పట్టీలు (సరుకు అమ్మిన చీటీలు), నాన్నగారి పొలం పాస్‌బుక్, ఆయన సంతకంతో అఫిడవిట్, అన్నీ కలిపి పెట్టండి. తక్‌పట్టీ తేదీకీ డిపాజిట్ తేదీకీ ఆరు నెలల తేడా ఉంటే మధ్యలో డబ్బు ఎక్కడుందని కచ్చితంగా అడుగుతారు.

రెండో జవాబు: గడువు దాటనివ్వకు తమ్ముడూ. వివరణ ఒప్పుకోకపోతే సెక్షన్ 115బీబీఈ కింద 60 శాతం పన్ను, దానిమీద సర్‌ఛార్జీ, సెస్సు, వెరసి ఆ ఏడాదికి 78 శాతం. పెనాల్టీ వేరే.

అడిగినవారు: తక్‌పట్టీలు సగమే ఉన్నాయి.

మొదటి జవాబు: వ్యాపారి దగ్గర ఖాతా నకలు అడగండి. అప్పీలుకు వెళ్లినా అదే కావాలి.