ఇంటర్మీడియట్ ఫిక్స్ (ఐఎఫ్)కి డైరెక్ట్ ఇచ్చి 105 డిగ్రీలు తిరగమంటే ఒప్పుకోవాలా, అనేబుల్ (కుదరదు) అనాలా?

మబ్బుల్లోబాబు:
అమెరికాలో ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట కనపడకపోయినా పరికరాలు చూసి విమానం నడిపే అర్హత) చేస్తున్నా. ఫైనల్ కోర్స్ (రన్‌వేకి చేర్చే ఆఖరి దారి) 180 డిగ్రీలు. నేను తూర్పు ఆగ్నేయం నుంచి 285 ట్రాక్ మీద వస్తుంటే కంట్రోలర్ ఐఎఫ్‌కి (ఫైనల్‌కి ముందుండే బిందువు) డైరెక్ట్, క్లియర్డ్ స్ట్రెయిట్ ఇన్ (మధ్యలో చుట్టు తిరక్కుండా నేరుగా రా) అన్నాడు, అంటే ఎడమకి 105 తిరగాలి. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) కంట్రోలర్ల రూల్ బుక్ 7110.65లో ఇలా ఐఎఫ్‌కి పంపేటప్పుడు 90 దాటకూడదని ఉంది కదా? మా ఇన్‌స్ట్రక్టర్ ఏమో సెస్నానే కదా తిప్పేయ్ అంటాడు, నాకు మనసొప్పట్లేదు.

తోకరెక్క:
ఆ 90 కంట్రోలర్‌కి పెట్టిన హద్దు తమ్ముడూ, నీకు కాదు. 90 నాట్ల మీద స్టాండర్డ్ రేట్ (సెకనుకి 3 డిగ్రీలు) టర్న్ రేడియస్ అర మైలు కూడా ఉండదు, 105కి ఐఎఫ్ ఇంకో 0.6 మైలు ఉందనగా తిప్పడం మొదలెడితే చాలు, నున్నగా కోర్స్ మీద కూర్చుంటావ్. రాడార్ స్కోప్ ముందు కూర్చున్నోడు కోణమానిని పెట్టి కొలవడు, అంతా కంటి అంచనాయే. మా ఎయిర్‌పోర్ట్‌లో రోజూ జరిగేదే ఇది.

గోదారిగట్టు:
అదే లెక్క 180 నాట్లకి వేసి చూడండి సార్. రేడియస్ 0.95, ముందే మొదలెట్టాల్సిన దూరం 1.24 మైళ్లు, వెనక నుంచి 30 నాట్ల గాలి తోస్తుంటే దాదాపు ఒకటిన్నర. 30 డిగ్రీల టర్న్‌కి రేడియస్‌లో పావు వంతు పైచిలుకు చాలు, 90కి రేడియస్ అంతా కావాలి, 120కి వచ్చేసరికి ఒకటిముప్పావు రెట్లు. హద్దు పెట్టింది అందుకే, సెస్నాని చూసి కాదు.

తోకరెక్క:
మరి పాన్స్ ఆప్స్‌లో (అప్రోచ్ దారులు గీయడానికి ఐకావో, అంటే అంతర్జాతీయ విమానయాన సంస్థ, పెట్టిన రూల్స్) ఇనీషియల్ భాగం నుంచి ఇంటర్మీడియట్ భాగానికి తిరగడానికి 120 దాకా ఒప్పుకుంటారుగా?

గోదారిగట్టు:
ఒప్పుకుంటారు, కానీ 70 దాటితే టర్న్ ఎక్కడ మొదలెట్టాలో కనీసం 2 మైళ్ల ముందు గుర్తు (లీడ్) చూపించాలి, ఐఎల్‌ఎస్ (రేడియో కిరణాలతో రన్‌వేకి దించే పద్ధతి) అయితే 90తో ఆపేస్తారు. పైగా అది చార్ట్‌లో గీసిన దారి, చుట్టూ ఏరియా లెక్కేసి ఉంటుంది. డైరెక్ట్ అంటే ఎక్కడి నుంచైనా వస్తావ్, ఆ రక్షణ ఉందనుకోవడం కుదరదు, అందుకే ఐఎఫ్ దాకా రాడార్ మీద కనిపెట్టి ఉండాలని కూడా కంట్రోలర్‌కే రాశారు.

విశాఖ_విండ్‌సాక్:
వెక్టర్స్‌తో (కంట్రోలర్ హెడింగ్‌లు ఇస్తూ ఫైనల్ మీదకి చేర్చడం) కలిపేయకండి బాబూ, అది వేరే కథ. అక్కడ ఫైనల్‌ని కలిసే కోణం అప్రోచ్ గేట్‌కి (ఫైనల్ మీద కంట్రోలర్లు లెక్కకి వాడే ఊహా బిందువు) 2 మైళ్లు, ఆపైన దూరంలో అయితే 30 డిగ్రీలు, దగ్గరైతే 20, ఐకావో రూల్ బుక్ 4444లో 45 దాకా.
ఇంకోటి, స్ట్రెయిట్ ఇన్ అన్నాక ఐఎఫ్ దగ్గర చార్ట్‌లో హోల్డ్ (ఒకేచోట చుట్టు తిరిగే దారి) గీసి ఉన్నా అడక్కుండా తిరగకూడదు, గార్మిన్ బాక్స్ (విమానంలోని జీపీఎస్) హోల్డ్ కావాలా అని అడిగినా సరే. ఆ మాట అనకపోతే మాత్రం హోల్డ్ తిరగాల్సిందే. కాబట్టి అనేబుల్ అని తెగ్గొట్టక్కర్లేదు, హోల్డ్‌లో ఒక రౌండ్ ఇవ్వమని అడుగు.

మబ్బుల్లోబాబు:
బిజీ ఫ్రీక్వెన్సీలో అడిగితే చిరాకు పడడా?

విశాఖ_విండ్‌సాక్:
పడతాడు. పడనీ. హద్దు దాటింది ఆయనేగా.