ఎస్‌ఏఎఫ్‌కి 50% దగ్గరే గీత ఎందుకు?

ప్రశ్న: ఎస్‌ఏఎఫ్ అంటే ముడిచమురు బదులు వేరే ముడిసరుకుల నుంచి తీసే విమాన ఇంధనం. అందులో హెఫా రకాన్ని (నూనెలు, కొవ్వులకి హైడ్రోజన్ పట్టించి చేసేది) మామూలు జెట్ ఇంధనంలో సగానికి మించి కలపకూడదని ఏఎస్‌టీఎం డీ7566 అనే ఇంధన ప్రమాణం అంటుంది. మరి 2023 నవంబర్ 28న వర్జిన్ అట్లాంటిక్ వారి బోయింగ్ 787 లండన్ నుంచి న్యూయార్క్‌కి మొత్తం ఎస్‌ఏఎఫ్‌తోనే వెళ్లింది కదా? ఇంజిన్‌కి లేని అభ్యంతరం రూల్‌కి దేనికి?

జవాబు 1: అందులో పోసింది ఒట్టి హెఫా కాదండీ. 88% హెఫా, 12% కృత్రిమ ఆరోమాటిక్ కిరోసిన్ (ఆరోమాటిక్స్ అంటే బెంజీన్‌లా కార్బన్ వలయం ఉన్న అణువులు). అదీ ప్రత్యేక అనుమతి మీద, టికెట్ ప్రయాణికులు లేకుండా. ఆ 12% ఎందుకు కలిపారన్నదే మీ ప్రశ్నకి జవాబు.

హెఫా బాగానే మండుతుంది. చిక్కు మంటతో కాదు, కారడంతో. పైపుల జాయింట్లలో సీలుగా వేసే నైట్రైల్ రబ్బరు ఓ-రింగులు ఇంధనంలోని ఆరోమాటిక్స్‌ని పీల్చుకుని ఉబ్బుతాయి, ఆ ఉబ్బే జాయింట్‌ని బిగించి ఉంచుతుంది. హెఫాలో ఆరోమాటిక్స్ దాదాపు సున్నా. కొత్త రింగు కంటే, ఏళ్లతరబడి ఉబ్బి గట్టిపడ్డ పాత రింగుకే ప్రమాదం ఎక్కువ: ఇంధనం మారగానే కుంచించుకుని కారుతుంది. ఫ్లోరోకార్బన్ అనే వేరే రబ్బరు రింగులకి ఈ బాధ చాలా తక్కువ, కానీ తిరుగుతున్న పాత విమానాలన్నిటిలో అవే ఉన్నాయని ఎవరు హామీ ఇస్తారు? అందుకే మిశ్రమంలో కనీసం 8% ఆరోమాటిక్స్ ఉండాలన్న షరతు.

జవాబు 2: పై జవాబుకి కొనసాగింపు. 50 పైహద్దు మాత్రమే, ప్రతి బ్యాచ్ అక్కడిదాకా వెళ్లదు. మామూలు ఇంధనంలో ఆరోమాటిక్స్ 14% ఉంటే, 8 నిలవాలంటే హెఫా 43% దగ్గర ఆగాలి. సాంద్రత ఇంకా ముందే ఆపొచ్చు: మామూలు విమాన ఇంధనమైన జెట్ ఏ-1కి కనీసం 775 కిలోలు/ఘనపు మీటరు కావాలి. 790 ఉన్న మామూలు ఇంధనంలో 750 ఉన్న హెఫా కలిపితే 37.5% దాటనివ్వదు. లెక్క చూసుకోకుండా సగం-సగం పోస్తే బ్యాచ్ ల్యాబ్‌లో ఫెయిల్.

ఇంకో పొరపాటు. పరీక్షలో నెగ్గిన మిశ్రమం కాగితాల మీద డీ1655 (మామూలు జెట్ ఇంధనపు ప్రమాణం) ఇంధనమైపోతుంది. దాన్నే మామూలు ఇంధనం అనుకుని ఇంకో డిపోలో మళ్లీ హెఫా కలిపితే మొత్తం 50 దాటిపోతుంది. అందుకే ఎస్‌ఏఎఫ్ శాతం రాసిన పత్రం ఇంధనంతో పాటే వెళ్లాలి.

జవాబు 3: నన్నడిగితే ఆ 50 ఇప్పటికి ఎవరికీ అడ్డు కాదు. 2024లో ప్రపంచ జెట్ ఇంధనంలో ఎస్‌ఏఎఫ్ 1% కూడా లేదు. రూల్ నిజంగా నొప్పి పెట్టేది కొత్త తయారీ పద్ధతికి అనుమతి తెచ్చుకునేటప్పుడు. ఆ అనుమతి పరీక్షల ప్రమాణం డీ4054లో నాలుగు అంచెలు: ప్రాథమిక గుణాలు, విమానానికి తగునా లేదా, విడిభాగాల రిగ్ పరీక్ష, ఇంజిన్ పరీక్ష. మొదటిదానికి పది గ్యాలన్లు చాలు. చివరి రెండింటికి వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో కావాలి. అంత ఇంధనం తీయాలంటే ప్లాంటు ఉండాలి, అనుమతి లేని ఇంధనానికి ప్లాంటు కట్టడానికి అప్పు పుట్టదు. 10% మిశ్రమం చాలనుకునేవాళ్లకి చివరి రెండు అంచెలు లేని దగ్గరి దారి ఒకటుంది.

ప్రశ్న అడిగినవారు: ఆరోమాటిక్స్ తగ్గితే మసి తగ్గుతుందంటారు. అంటే ఆ 8% షరతు మసిని కూడా కాపాడుతున్నట్టేగా?

జవాబు 1: అవును, కొంతవరకు. తమ వాటాకి మించి మసి పెంచేవి నాఫ్తలీన్లు (రెండు వలయాల ఆరోమాటిక్స్), సీలు ఉబ్బడానికి అవి అక్కర్లేదు. ఒంటి వలయపు ఆరోమాటిక్స్‌తోనే 8% నింపొచ్చు. అసలు ఆరోమాటిక్సే వద్దంటే విడి ట్యాంకు, విమానాశ్రయంలో ఇంధనం అందించే విడి హైడ్రంట్ పైపు, దానికి తగ్గ విమానం ఉండాలి.