‘పూత పూయబడును’ అంటే ఏం అర్థమవుతుంది?

మధురవాడ నుంచి:
ఒక చిన్న సందేహం. రెండేళ్ల కిందట మా అపార్టుమెంటు గోడ వారన నాటిన వేప, కానుగ మొక్కలు ఇప్పుడు నా తల దాటాయి. ఎండలు ముదరకముందే వాటికి సున్నం వేయిద్దామని నోటీసు నేనే రాసి లిఫ్టు పక్కన అంటించాను: ‘ఆదివారం ఉదయం మన మొక్కల కాండములకు పూత పూయబడును.’ సాయంత్రం మూడో అంతస్తు పెద్దాయన నన్ను అక్కడే పట్టుకున్నారు. “ఏటి బాబూ, ఉగాదింకా నెలుంది కదా, వేప ఆదివారమే పూస్తాదని నీకెవులు చెప్పారు?” అన్నారు. పక్కనున్నవాళ్లంతా నవ్వారు. ఇంతకీ తప్పు ఎక్కడుంది? పూతలోనా, కాండంలోనా, నాలోనా?

సీతమ్మధార నుంచి:
పూతలో తప్పేమీ లేదండీ, దాన్ని తెచ్చి చెట్టు పక్కన పెట్టడంలో ఉంది. గోడకి పూత, ఒంటికి గంధం పూత అంటే ఎవరూ తికమకపడరు. చెట్టు పేరెత్తి పూత అంటే మాత్రం మనకు మామిడి పూతే గుర్తొస్తుంది. మల్లె పూసింది, నర్సు మందు పూసింది. చూడ్డానికి ఒకే క్రియలా ఉన్నా ఇవి రెండు వేరు మాటలు. తమిళంలో ఇప్పటికీ విడివిడిగానే ఉన్నాయి: పువ్వు పూయడానికి ‘పూ’, మందు పూయడానికి ‘పూసు’. తెలుగులో రెండూ వచ్చి ఒకే రూపంలో కూర్చున్నాయి. వ్యాకరణం ప్రకారం మీ ‘పూయబడును’లో ఆ ‘బడు’ చూసి పెద్దాయన అర్థం చేసుకోవాలి. కానీ లిఫ్టు కోసం నిలబడ్డ మనిషి కర్మణి ప్రయోగం గురించి ఆలోచిస్తాడా!

భీమిలి నుంచి:
మాకు మామిడి తోట ఉంది. కాండం అనే మాట నేను బడిలో తప్ప ఎక్కడా వినలేదు. మేం ‘మొదలు’ అంటాం. మొదలికి సున్నం కొడతాం. పూసేది వేరే ఉంది, బోర్డో పేస్టు అనే తెగుళ్ల మందు. కొమ్మ కోసిన చోట, బంక కారే చోట దాన్ని పూస్తాం. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు. రెండూ వేర్వేరుగా కరగబెట్టి ప్లాస్టిక్ తొట్టిలో కలపాలి, ఇనప బకెట్టు పనికిరాదు. ఆకాశం రంగులో చిక్కగా వస్తుంది, దెబ్బ తగిలిన చోట చిన్న బ్రష్షుతో పట్టించాలి. అందుకే అది పూయడం. సున్నం అలా కాదు, కుంచె ముంచి చుట్టూ తిప్పి కొట్టుకుంటూ పోవడమే. సందర్భం వచ్చింది కాబట్టి చెప్తున్నా, మిగిలిపోయిన ఆయిల్ పెయింటు ఉంది కదా అని దాన్ని మాత్రం వేయించకండి. లేత బెరడు పాడవుతుంది.

పెందుర్తి నుంచి:
పుస్తకాల్లో వెతికితే ‘బోదె’ దొరుకుతుంది. బ్రౌన్ నిఘంటువులో చెట్టు మాను అనే అర్థంతో ఉంది. చక్కటి మాటే, కానీ మా వైపు బోదె అంటే చేలో మట్టి ఎగదోసిన గట్టు. ‘బోదెలకు సున్నం’ అని నోటీసు పెడితే చెరకు తోటకి బయల్దేరతాం. ‘మాను’ కూడా కుదరదు. మొక్కై వంగనిది మానై వంగుతుందా అన్నప్పుడు ఆ రెండూ ఎదురెదురుగా నిలబడ్డాయి కదా, రెండేళ్ల కానుగకి మాను ఎక్కడిది? సంస్కృతంలో ‘ప్రకాండం’ ఉంది. వేరు నుంచి కొమ్మ దాకా ఉన్న భాగం అని అమరకోశం చెప్తుంది. సున్నం వేసే కొలత కూడా సరిగ్గా అంతే. అలాగని ప్రకాండం అని రాయకండి, పెద్దాయన ఈసారి లిఫ్టు ఆపేస్తారు.

సీతమ్మధార నుంచి:
‘వెల్ల వేస్తాం’ అని ఎందుకు రాయకూడదు? వెల్ల అంటేనే తెలుపు. వెన్నెల, వెండి, వెల్లుల్లి అన్నీ ఆ ఇంటి పిల్లలే. ఇక్కడ పని చేసేది కూడా ఆ తెలుపే. లేత చెట్టు బెరడు పల్చన, మధ్యాహ్నం దాటాక పడమటి ఎండ ఒకే పక్క కాలుస్తుంది, అక్కడ చిట్లుతుంది, ఆ పగుల్లోంచి పురుగు దూరుతుంది. తెల్లగా ఉంటే ఎండ చాలావరకు తిరిగిపోతుంది. చలిదేశాల్లో శీతాకాలం కోసం వేస్తారట. పగలు ఎండకి వేడెక్కిన బెరడు రాత్రి గడ్డకట్టి పగలకుండా. ఇక రోడ్డు పక్క చెట్లకి తెలుపు మీద వేసే ఎర్ర పట్టీని అందరూ ‘గేరు’ అంటున్నారు, అది హిందీ. మనకి జేగురు ఉంది. కోపంతో ముఖం జేవురించింది అంటామే, ఆ ఎరుపే.

భీమిలి నుంచి:
వెల్ల గోడకండీ. సంక్రాంతికి ఇంటికి వేయిస్తాం. చెట్టుకి వెల్ల అంటే మా తోటలో పనివాళ్లు నవ్వుతారు. మాట బాగున్నంత మాత్రాన సరిపోదు, కుంచె పట్టుకునేవాడి నోట్లో ఉండాలి.

మధురవాడ నుంచి:
అందరికీ థాంక్స్. పాత నోటీసు పీకేసి ఇలా రాశాను: ‘ఆదివారం ఉదయం మన మొక్కల మొదళ్లకు సున్నం వేస్తాం. తడి ఆరేదాకా పిల్లల్ని అటు పంపకండి.’ పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. “బాగుంది బాబూ, ఇప్పుడు తెలుగులా ఉంది. మొదళ్లు సరే గానీ, మొదలెన్ని గంటలకి?” అన్నారు. టైం రాయడం మర్చిపోయాను.