రాత్రంతా పెట్టెలో పెట్టి పొద్దున ఫోటో తీస్తే తప్పా?

ప్రాణహిత_ఒడ్డు: సిరొంచలో మా పెరట్ల బాదం చెట్టు కింద నిన్న రాత్రి ఒక పెద్ద రెక్కల పురుగు దొరికింది. రెక్కలు చాపితే నా అరచెయ్యి చాలలేదు. పసుపు రంగు, రెక్కకొక గుండ్రటి కన్ను. ఫ్లాష్ కొడితే కన్ను తెల్లగ మాడిపోతున్నది. అందుకే చెప్పుల డబ్బాకు పొక్కలు పెట్టి అండ్ల ఉంచిన. పొద్దున ఎండకు ఎదురుగ తీస్తే కళ్లు అద్దం లెక్క, అవతలి ఆకు ఈనెలు గూడ కనిపిస్తున్నయ్. "అడవి పురుగు" అని పేరు పెట్టిన. డబ్బాల పెట్టుడు పాపమని మా తమ్ముడు లొల్లి చేస్తున్నడు. మీరేమంటరు?

గోదారి_గాలి: అదిరింది అన్నా. ఏ లెన్సు?

మద్దిచెట్టు: అది దసలి పట్టు పురుగు. మీసాలు సన్నగున్నయ్, పొట్ట నిండుగున్నది, ఆడది. దానికి తిననీకి నోరే లేనట్టు. వారం, పది రోజుల బతుకు. గూట్లకెళ్లి వచ్చిన రాత్రే వాసనతోని మగదాన్ని పిలుస్తది. ఆ రాత్రి మీరు దాన్ని చెప్పుల డబ్బాల పెట్టిన్రు.

అహేరి_బండి: దసలి మద్ది మీదనే ఉంటది. ఇది బాదం. తప్పు చెప్తున్నరు.

మద్దిచెట్టు: మద్ది, బాదం ఒక్క కుటుంబమే. బాదం ఆకు గూడ తింటది.

ప్రాణహిత_ఒడ్డు: మొదటి రాత్రో నాలుగో రాత్రో మీకెట్ల తెలుసు?

మద్దిచెట్టు: మీ ఫోటోలనే చూడున్రి. రెక్క అంచు ఒక్క చోట చిరగలే.

అహేరి_బండి: మా దిక్కు బాదం మీద నేనెన్నడు చూడలే.

ప్రాణహిత_ఒడ్డు: సారూ, పట్టుకాయలను ఆవిరికి పెట్టి లోపలి పురుగును చంపేది మీరు. వేలకు వేలు. నేను ఒక్కదాన్ని ఒక్క రాత్రి ఆపి, పొద్దున వదిలిన. నీతి నాకా?

గోదారి_గాలి: అరె, మెల్లగ.

మద్దిచెట్టు: చంపుతం. దాచుత లేను. కానీ ముందుగాల మంచి కాయలు విత్తనానికి తీసిపెడతం, వాటి జోలికి ఎవ్వరం పోము. మా నాయన మద్ది చెట్ల కింద వడిసెల పట్టుకొని కాకులను కొట్టుకుంట, చీమలను దులుపుకుంట కాపలా ఉండేటోడు. ఒకాయన కెమెరా ఏసుకొని వచ్చి, గూళ్లున్న కొమ్మ వంచి విరిచిండు. ఫోటో కింద "అడవిలో దొరికిన అద్భుతం" అని రాసుకున్నడు. దొరికిందట! మీరు ఫోటోకు పెట్టిన "అడవి పురుగు" పేరు చూడంగనే అదే యాదికొచ్చింది.

ప్రాణహిత_ఒడ్డు: ఆ కొమ్మ ఇరిచింది నేను కాదు. దీన్ని ఎవరు పెంచలే, మా పెరట్లకు అదే వచ్చింది.

మద్దిచెట్టు: మీ ఊరి చుట్టుపట్ల ఎవరి చెట్టుకెళ్లి వచ్చిందో అడిగిన్రా?

ప్రాణహిత_ఒడ్డు: అడగలే.

ప్రాణహిత_ఒడ్డు: పేరు మార్చిన. "దసలి పట్టు పురుగు, ఆడది" అని పెట్టిన. ఇంకోటి. డబ్బా లోపల గోడకు గుడ్లు అంటుకున్నయ్. లెక్కపెట్టిన, 118. పారెయ్యలే. పొదుగుతయా?

మద్దిచెట్టు: మగది కలవలేదు గద. ఎండిపోతయ్.

అహేరి_బండి: బాదం ఆకు పెట్టి చూడున్రి.