క్లోజ్ టు ది ఎడ్జ్: ఆ నది ఏంటి?

నిన్న భీమిలిలో, గోస్తని సముద్రంలో కలిసే చోట కూర్చుని యెస్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ వాళ్ల ఈ 18 నిమిషాల పాట మళ్లీ విన్నాను. 1972 నాటి మిక్స్ నాకు కంఠతా వచ్చు. 2013లో స్టీవెన్ విల్సన్ అదే రికార్డింగ్‌లోని వాయిద్యాల్ని మళ్లీ కలిపి చేసిన రీమిక్స్‌లో క్రిస్ స్క్వైర్ బేస్ గిటార్ ఎంత విడిగా వినిపించిందో! సాహిత్యమే అందట్లేదు. పాటలో ఓ నది వస్తుంది. ఆ నది ఏంటి?

జవాబు: అన్నా, హెర్మన్ హెస్ నవల ‘సిద్ధార్థ’ చదవండి. పాట రాసి పాడిన జాన్ ఆండర్సన్‌కి ప్రేరణ అదే. సిద్ధార్థుడు పడవవాడి దగ్గరుండి నది మాట వినడం నేర్చుకుంటాడు. పాట మొదట్లో నీళ్ల చప్పుడు, పక్షులు అందుకేనని నా నమ్మకం.

మరో జవాబు: నాకు పాత మిక్సే. బ్యాండ్‌లో కీబోర్డ్ వాయించే వేక్‌మన్ చర్చి ఆర్గన్ మోగేటప్పుడు ఆ మసక ఉండాలి.

అడిగినవారు: థాంక్స్ తమ్ముడూ. ద్వారకానగర్ లైబ్రరీలో పుస్తకం అడుగుతాను. చదివాక మళ్లీ భీమిలికే వెళ్తా.