ఆధిక్యంలో ఉన్న అభ్యర్థి ‘నేనే గెలిచాను’ అని ఎప్పుడు ప్రకటించుకోవాలి? (2008 డెమొక్రాటిక్ ప్రైమరీల సందర్భం)

ప్రశ్న: కృష్ణాతీరం

అమెరికా ఎన్నికల చరిత్ర చదువుతున్నప్పుడు డెమొక్రాటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం (నామినేషన్) కోసం 2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్‌ల మధ్య జరిగిన పోటీ దగ్గర నాకొక సందేహం మిగిలిపోయింది. ఆ ఏడాది మే 20న కెంటకీలో క్లింటన్ 30 శాతానికి మించిన తేడాతోనూ, ఒరెగాన్‌లో ఒబామా గట్టి ఆధిక్యంతోనూ గెలిచారు. ప్రైమరీలు (పార్టీ అభ్యర్థి కోసం రాష్ట్రాలలో జరిగే ఓటింగు), కాకస్‌ల (అందుకే జరిగే స్థానిక పార్టీ సమావేశాల) ద్వారా ఎంపికై, పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటు వేసే ప్రతినిధులలో సగానికి పైగా ఆ రాత్రితో ఒబామా పక్షాన చేరారు. అయినా ఆయన అయోవా రాజధాని డెమోయిన్‌లో సభ పెట్టి, నామినేషన్ అందేంత దూరంలో ఉందని మాత్రమే చెప్పి ఊరుకున్నారు. తానే అభ్యర్థినని ప్రకటించుకున్నది రెండు వారాల తరువాత, జూన్ 3న.

మన దేశంలో లెక్కింపు చివరి రౌండు పూర్తికాగానే రిటర్నింగ్ అధికారి ధ్రువపత్రం చేతికిస్తారు. ఎవరు గెలిచారన్నది ఆ కాగితమే చెబుతుంది. అక్కడి నామినేషన్ పోటీలో అటువంటి అధికారి ఎవరూ లేనప్పుడు, గెలిచానని చెప్పుకోవడానికి సరైన ఘడియ ఏది? ఒబామా ఆ రెండు వారాలు ఆగడం వివేకమా, అతిజాగ్రత్తా?

సమాధానం: పాతలెక్కలు

కృష్ణాతీరం గారూ, వివేకమే అని నా అభిప్రాయం. మే 20 నాటికి లెక్క తేలినట్టు కనిపించినా, ఏ లెక్క ప్రకారం గెలుపును నిర్ణయించాలన్నది తేలలేదు.

డెమొక్రాటిక్ పార్టీ ప్రతి రాష్ట్రంలోనూ ఓట్ల నిష్పత్తిని బట్టి ప్రతినిధులను పంచుతుంది. 15 శాతం ఓట్లు దాటినవారికే వాటా దక్కుతుంది. ఈ పద్ధతిలో ముందున్న వ్యక్తిని వెనక ఉన్నవారు అందుకోవడం ఎంత కష్టమో, ముందున్న వ్యక్తి పోటీని పూర్తిగా ముగించడమూ అంతే కష్టం. ఫిబ్రవరిలో వరుస విజయాలతో ఒబామా సంపాదించిన ఆధిక్యాన్ని ఒహాయో, పెన్సిల్వేనియాలలో గెలిచి కూడా క్లింటన్ పెద్దగా తగ్గించలేకపోయారు. గెలిచిన రాష్ట్రంలోనూ ఓడినవారికి వాటా పోతుంది కదా. రిపబ్లికన్ల వైపు చాలా రాష్ట్రాల్లో మొదటి స్థానం వచ్చినవారికే ప్రతినిధులందరూ, లేదా ఎక్కువమంది దక్కే పద్ధతి ఉండడం వల్ల అదే ఏడాది మార్చి 4కే జాన్ మెకెయిన్ పని పూర్తయింది. ఆయన ప్రత్యర్థి మైక్ హకబీ ఆ రాత్రే తప్పుకున్నారు.

ఇక ఒబామా సాధించిన మెజారిటీ విషయం. అది ఓటర్లు ఎన్నుకున్న ప్రతినిధులలో మెజారిటీ మాత్రమే. అప్పటి పార్టీ మహాసభలో గవర్నర్లు, కాంగ్రెస్ సభ్యులు, పార్టీ పెద్దలు కలిసి ‘సూపర్ డెలిగేట్లు’గా దాదాపు 800 మంది ఉండేవారు. వారు తొలి ఓటింగులోనే తమకు నచ్చినవారికి ఓటు వేయగలిగేవారు, మహాసభ జరిగే దాకా మనసు మార్చుకోగలిగేవారు. వారిని కలుపుకుంటే తప్ప ఇద్దరిలో ఎవరికీ మొత్తం మెజారిటీ వచ్చే వీలు లేదు.

అన్నిటికంటే చిక్కైనది ఫ్లోరిడా, మిషిగన్ల వివాదం. పార్టీ నిర్ణయించిన తేదీకి ముందే ప్రైమరీలు జరిపినందుకు ఆ రెండు రాష్ట్రాల ప్రతినిధులను పార్టీ మొదట రద్దు చేసింది. మిషిగన్ బ్యాలెట్ మీద ఒబామా పేరు కూడా లేదు, ఆయనే తీసివేయించుకున్నారు. ఆ రెండూ లేకుండా లెక్కిస్తే గెలుపుకు 2025 మంది కావాలి. పూర్తిగా లెక్కిస్తే ఆ సంఖ్య 2200 దాటుతుంది. చివరకు మే 31న పార్టీ నిబంధనల కమిటీ వాషింగ్టన్‌లో సమావేశమై, ఆ ప్రతినిధులకు తలా అర ఓటు ఇచ్చింది. గీత 2118 దగ్గరకు జరిగింది.

అంటే మే 20న ఒబామా విజయం ప్రకటించి ఉంటే, గీత ఎక్కడుందో పార్టీ చెప్పక ముందే దాన్ని దాటానని అన్నట్టయ్యేది. క్లింటన్ అభిమానులకు అప్పటికే ఉన్న కోపానికి ఒక న్యాయమైన కారణం కూడా దొరికేది. నవంబరులో ఆ ఓటర్లే ఆయనకు కావాలి. అంతకుముందు కొద్ది గంటల క్రితమే కెంటకీలో అంత తేడాతో ఓడిన మనిషి అదే రాత్రి విజయోత్సవం చేసుకుంటే ఎలా ఉండేదో కూడా ఊహించుకోండి. అయోవాను ఎంచుకోవడంలో మాత్రం ఒక చమత్కారం ఉంది. జనవరి 3న ఆయన తొలి గెలుపు అక్కడిదే. కాబట్టి నోటితో అనని మాటను వేదిక అన్నది.

సమాధానం: నిలువుగీత

పాతలెక్కలు గారి వివరణ బాగుంది కానీ, ఆగడాన్ని సద్గుణంగా చూపడం పట్ల నాకు అభ్యంతరం ఉంది. ముందున్నవారు తటపటాయిస్తే, వెనక ఉన్నవారు సూపర్ డెలిగేట్లకు ఫోన్లు చేయడానికి గడువు దొరుకుతుంది. 1984లో వాల్టర్ మాండేల్ దీనికి విరుద్ధంగా నడిచారు. జూన్ 5 నాటి ఆఖరి ప్రైమరీల మరునాడు ఉదయం 11:59కల్లా తనకు మెజారిటీ ఉంటుందని ఆయన ముందే మాట ఇచ్చారు. తీరా కాలిఫోర్నియాలో గ్యారీ హార్ట్ గెలవడంతో ఇబ్బందిలో పడి, ఆ ఉదయమంతా కట్టుబడని ప్రతినిధులకు స్వయంగా ఫోన్లు చేసి, కావలసిన 1967 సంఖ్యను కూడగట్టి, చెప్పిన వేళకే ప్రకటన చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో మహాసభ దాకా హార్ట్ పోటీలో కొనసాగినా, ఆ ప్రకటన తరువాత ఆ పోటీని గండంగా చూసినవారు తక్కువ. మహాసభలో మాండేల్ తొలి ఓటింగులోనే గెలిచారు. (నవంబరులో రేగన్ చేతిలో 49 రాష్ట్రాల్లో ఓడిన సంగతి వేరే కథ.)

ఓపికపట్టి జూన్ 3 దాకా ఆగిన ఒబామాకు దక్కిన మర్యాద ఏమిటి? ఆయన మిన్నెసోటాలోని సెయింట్ పాల్‌లో విజయం ప్రకటించిన రాత్రే, న్యూయార్కులో క్లింటన్ ఈ రాత్రి ఏ నిర్ణయమూ తీసుకోవడం లేదన్నారు. ఆమె తప్పుకున్నది జూన్ 7న.

సమాధానం: పాతలెక్కలు

నిలువుగీత గారూ, మీ ఉదాహరణ నా మాటకే బలమిస్తోంది. మాండేల్ మాట ముందు ఇచ్చినా, ప్రకటన మాత్రం 1967 చేతికి వచ్చాకే చేశారు. పైగా అప్పటికి ఓటు వేయవలసిన రాష్ట్రం ఏదీ మిగలలేదు. క్లింటన్ నాలుగు రోజులు తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. ఓడినవారికి ఆ మాత్రం వ్యవధి ఇవ్వగలిగితేనే గెలిచినవారి పని తరువాత తేలికవుతుంది.

సమాధానం: ఎడిసన్ తెలుగు

తొందరపడినవారి సంగతీ ఒకటి చెప్పాలి. 2012 రిపబ్లికన్ పార్టీ అయోవా కాకస్‌లలో ఆ రాత్రి 8 ఓట్లతో మిట్ రామ్నీ గెలిచారన్నారు. రెండు వారాల తరువాత ధ్రువీకరించిన లెక్కలో రిక్ శాంటోరమ్‌కు 34 ఓట్ల ఆధిక్యం ఉన్నట్టు తేలింది. ఆ రెండు వారాలలో న్యూహాంప్‌షైర్ ఓటింగు కూడా అయిపోయింది. 2020లో అదే అయోవాలో, డెమొక్రాటిక్ కాకస్‌ల ఫలితాలు చేరవేసే యాప్ మొరాయించి ఒక్క ఫలితమూ వెలువడని రాత్రి, పీట్ బూటిజెజ్ విజేతగానే వెళ్తున్నానన్నట్టు మాట్లాడారు. ప్రతినిధుల లెక్కలో ఆయనే స్వల్పంగా ముందు తేలినా, ఓట్లు ఎక్కువ వచ్చింది ఆయన ప్రత్యర్థి బెర్నీ శాండర్స్‌కు.

నేను న్యూజెర్సీ ఓటరును. 2016లో మా ప్రైమరీ జూన్ 7న. ముందురోజు సాయంత్రమే, సూపర్ డెలిగేట్లను విచారించి అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ నామినేషన్‌కు కావలసిన 2383 మంది ప్రతినిధులు క్లింటన్‌కు వచ్చేశారని ప్రకటించింది. ఇక్కడ ఏ పార్టీలోనూ నమోదు కాని ఓటరు పోలింగు కేంద్రంలోనే పార్టీ ఎంచుకుని ప్రైమరీలో ఓటు వేయవచ్చు. నా మిత్రుడొకరు అలా వేద్దామనుకుని, ఆ వార్త చూసి “ఇంకెందుకండీ” అని ఇంట్లోనే ఉండిపోయారు.

కృష్ణాతీరం

అందరికీ కృతజ్ఞతలు. ఎడిసన్ తెలుగు గారూ, ఆ వార్త వచ్చినప్పుడు క్లింటన్ స్వయంగా విజయం ప్రకటించుకున్నారా?

ఎడిసన్ తెలుగు

లేదండీ. ఆమె అప్పుడు కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ప్రచారంలో ఉన్నారు. చరిత్రాత్మక ఘట్టం అంచున ఉన్నామని ఒప్పుకుంటూనే, రేపు ఆరు చోట్ల ఓటింగు ఉంది, పని మిగిలే ఉందని అన్నారు. మరునాటి రాత్రి, మా రాష్ట్రం ఓటు వేశాక, బ్రూక్లిన్‌లో ప్రకటించారు. ఆ ఏడాది ఆమె ప్రత్యర్థి అయిన శాండర్స్ మద్దతు జూలై 12న గానీ రాలేదు. ఇక ఆ సూపర్ డెలిగేట్ల విషయం: మహాసభ తొలి ఓటింగులో, ఫలితం ముందే తేలిపోయి ఉంటే తప్ప, వారు ఓటు వేయరాదని పార్టీ 2018లో నిబంధన మార్చింది.